వెనక నిలబడి పిలిస్తే

"బొగ్గుబాయి సైరన్ కూసినా మీ ఓదెమ్మ తల తిప్పదు. దవాఖానలో చెవులు చూపిద్దాం," అంది రమామణి టీచరు.

ఓదెమ్మ తల్లి ఐలవ్వకు అనుమానం వచ్చింది. రెండేళ్లు మొద్దుపిల్ల అని వెనక కూర్చోబెట్టి, ఇప్పుడేమిటి ఈ ప్రేమ? చెవిటిదని రాయించి బడిలోంచి తీసేయడానికే, ఇంకెందుకు!

దవాఖానలో డాక్టరు తన మాటలు తిరిగి చెప్పమని, ఓదెమ్మ వెనక నిలబడి చేతిలోని కాగితం చూస్తూ మెల్లగా ఒక్కో మాట పలికాడు. ఎదురుగా కూర్చున్న ఐలవ్వ ఆ మాటలనే చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. అమ్మ పెదవులు చూసి మాట పట్టడం ఓదెమ్మకు పసితనం నుంచీ అలవాటే.

"చెట్టు," అంది. "రొట్టె. లాంతరు."

ఒక్కటీ తప్పలేదు.

"చెవులు బాగానే ఉన్నాయి," అన్నాడు డాక్టరు.

"నా బిడ్డకు ఏ రోగం లేదని చెప్పిన గద టీచరమ్మా!" అంటూ ఐలవ్వ తన వెనక గుమ్మం దగ్గరున్న టీచరు వైపు తిరిగి గెలిచినట్టు లేచింది.

మర్నాడు తరగతిలో టీచరు నల్లబల్ల మీద రాస్తూనే ఓదెమ్మను పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. పలకలేదు.

"అంటే ఇన్నాళ్లూ కావాలనే పలకలేదన్నమాట!"

టీచరు బెత్తం తీసుకుని దగ్గరికి వచ్చింది. ఓదెమ్మ కంగారుగా గుమ్మం వైపు చూసింది.

అక్కడ అమ్మ పెదవులు లేవు.