గాజుల మీద బ్యాండేజి గుడ్డ

నీళ్లలో దిగి నడవమంటుంది డాక్టరమ్మ. ఏడో నెల కడుపుతో! నేనేమన్నా కప్పనా?

తుంటి నొప్పి మాత్రం చెప్పనలవి కాదు. రాత్రి పక్కకి తిరగాలంటే నా మొగుడు సెల్వకుమార్ లేచి తిప్పాలి. నీళ్లలో మెల్లగా కాళ్లూ చేతులూ ఆడిస్తే తగ్గుతుందట. ఊళ్లో ఒక బడి ఈతకొలనులో కడుపుతో ఉన్నవాళ్లకి వేరేగా నేర్పుతున్నారు, వెళ్లమంది. నేను ససేమిరా అన్నాను. పోయినసారి ఐదో నెలలోనే బిడ్డ పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయారు. ఈసారి ఇంతదాకా నిలిచింది. నొప్పి ఉంటే ఉండనీ, అసలు కదలనే కదలను అని మొండికేశాను.

నాకో మంచి సాకు కూడా దొరికింది. అక్కడ నేర్పే పిల్ల రక్షిత ఫోన్లో చెప్పింది: "జయప్రియక్కా, గాజు గాజులతో పూల్‌లోకి రాగూడదు. పగిలితే అందరి కాళ్లకీ గుచ్చుకుంటాది."

పోయినవారమే నాకు వళైకాప్పు చేశారు, మా తమిళ ఊళ్లలో సీమంతానికి గాజులు తొడిగే వేడుక. ముంజేతుల నిండా గాజులు. కాన్పయ్యేదాకా అవి తీయకూడదు. తీస్తే మా సౌభాగ్యం అత్త ఇల్లు పీకి పందిరేస్తుంది. లోపల సంబరపడుతూ, పైకి మొహం వేలాడేసుకుని అత్తకి చెప్పాను.

"ఏం చేసేది అత్తా? గాజులు ఉండాయి కదా."

అత్త నన్ను ఎగాదిగా చూసి, "గాజులు తీసేది వేండాం," అని లోపలికి వెళ్లింది. అమ్మయ్య అనుకున్నాను. కానీ ఆవిడ బ్యాండేజి చుట్టలు పట్టుకుని తిరిగొచ్చింది. సత్తిరపట్టిలో మా ఆయన మగ్గాల మీద నేసేది ఆ గుడ్డే. మా ఇంట్లో ఊరగాయ జాడీ మూతికీ అదే, మసిగుడ్డకీ అదే. ఇప్పుడు నా చేతులకీ అదే.

"చేయి చాపు," అంది. "గాజులు తీసేదీ లేదు, పగిలేదీ లేదు. రాత్రంతా నువ్వు మూలగతా ఉంటే నాకు వినపడలేదనుకున్నావా? చుమ్మా సాకులు చెప్పొద్దు కన్నూ."

మణికట్టు నుంచి మోచేతిదాకా చుట్టి, పైన ప్లాస్టరు అంటించి, మర్నాడు పొద్దున్నే ఆటోలో ఎక్కించి తనూ ఎక్కింది. కొలను దగ్గర ఆ అవతారంలో నన్ను చూసి, నాలాగే కడుపుతో సేత్తూరు నుంచి వచ్చే సంతానలక్ష్మి నోరు నొక్కుకుంది.

"అయ్యయ్యో, యాక్సిడెంటా అక్కా?"

"కాదు, అత్త," అన్నాను.

అక్కడున్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. రక్షిత కట్లు లాగి చూసి, తనూ నవ్వి, "సరి, రా అక్కా," అని చేయి అందించింది.

మోకాళ్లదాకా బాగానే ఉంది. నడుందాకా చలేసింది. నీళ్లు రొమ్ముల కిందికి వచ్చేసరికి కడుపు బరువు పోయింది. ఉన్నట్టుండి పోయింది. పోయినసారి ఆసుపత్రి మంచం మీంచి లేచి నిలబడినప్పుడు నా ఒళ్లు ఇలాగే తేలికైంది.

"అత్తా! లేదు! బిడ్డ లేదు!" అని అరిచాను.

రక్షిత నా భుజం పట్టుకుని ఏదో చెబుతోంది, నాకొక్క ముక్కా ఎక్కలేదు. గట్టు మీద కూర్చున్న అత్త కట్టుకున్న చీరతోనే నీళ్లలోకి దిగింది. నా కడుపు కింద రెండు అరచేతులూ పెట్టింది.

"యాడికీ పోలేదు. ఈడే ఉండాది. నీళ్లు మోస్తా ఉండాయి, అంతే. కొంచేపు వాటిని మోయనీ."

నేను ఆవిడ మొహంలోకి చూస్తే తల తిప్పుకుంది.

"నాకూ భయం దాన్," అంది. "నువ్వు భయపడతావని చెప్పలేదు."

ఇన్నాళ్లూ ఈ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. పాపం, ఆవిడ కూడా లోపల్లోపలే పెట్టుకుని తిరుగుతోంది. ఇద్దరం చేతులు పట్టుకుని అటూ ఇటూ నడిచాం. అత్త చీర ఉబ్బి పైకి తేలుతుంటే రక్షిత దాన్ని అదిమిపెడుతూ వెనకాలే నడిచింది. నా తుంటి అసలు ఉన్నట్టే తెలియలేదు. హాయిగా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

టైమైందని రక్షిత చప్పట్లు కొట్టింది. కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే బరువు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. పైమెట్టు మీద కాలు పెట్టేసరికి కడుపు కిందికి లాగి, తుంటి చుర్రుమంది. అక్కడే నిలబడి భోరుమన్నాను.

వెనకాల అత్త కంగారుపడిపోయింది. "ఏమాయె కన్నూ? మళ్లీ నొప్పిగా ఉండాదా?"

"ఉండాది అత్తా," అన్నాను. "బరువంతా ఉండాది."