అరవై కిలోల మనిషి

నతానియేలు పెళ్లాం హన్నమ్మ ఇచ్చిన మూడు టీ గ్లాసుల్నీ ఓబులేసు తాగకుండా వాళ్ల అరుగు మీద వరసగా పెట్టుకున్నాడు. వచ్చే నెల నంద్యాలలో బాక్సింగ్ పోటీలు జరిపించేది ఆయనే. ఆళ్లగడ్డ నతానియేలు లేకుండా పోటీలు పెడితే నాలుగు కుర్చీలు కూడా నిండవని ఆయనకు బాగా తెలుసు. వయసు నలభైకి దగ్గరపడ్డా, చుట్టుపక్కల ఎవరి చేతిలోనూ ఓడని ఛాంపియన్ మరి.

"ఇదో అన్నా, ఇది యాభై ఏడు కిలోలు. పాణ్యం మహేష్ ఉండాడు, నీ మాదిరే పాతకాపు. ఈ మధ్యది అరవై. కోయిలకుంట్ల మనోజ్. చెయ్యి బేగా ఆడిస్తాడు గానీ దెబ్బలో బరువు లేదు. ఇది అరవై ఐదు, మిడుతూరు ప్రేమ్ సాగర్. వాని జోలికి మనం పోవద్దులే. ఎవురితో ఆడతావో నువ్వే చెప్పు."

నతానియేలు మధ్య గ్లాసు తీసుకుని తాగేశాడు. "యాభై ఏడుకు దిగే ఒళ్లు కాదప్పా ఇది. అరవై నా బరువు. మనోజ్‌నే రానీ."

తలుపు వెనక నిలబడి హన్నమ్మ అంతా వింది. పెళ్లయిన నాటి నుంచి ఇలాంటి పేర్లు ఎన్నో విన్నది, ఎన్ని దెబ్బలకు కాపడం పెట్టిందో ఆమెకే తెలుసు. కానీ ఈమధ్య మనిషిలో తేడా వచ్చింది. చర్చిలో పాట అయిపోయి అందరూ కూర్చున్నా, తనొక్కడే పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. చచ్చిపోయిన చెల్లెలి పేరు పెట్టి పెళ్లాన్ని పిలుస్తాడు. తలకు ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే మనిషి దక్కడని కర్నూలు డాక్టరు ఆమె మొహం మీదే చెప్పాడు. ఆ మాట చెబితే నతానియేలు నవ్వి, డాక్టర్లు అట్లనే అంటారులే అని తీసిపారేశాడు. బతిమాలింది, ఏడ్చింది, మాట్లాడ్డం మానేసింది. ఊహూ. ఛాంపియన్ అనిపించుకోవడం మరిగిన మొగుడికి పెళ్లాం ఏడుపు వినపడుతుందా ఎక్కడైనా!

సరే, నీ దారి నీది, నా దారి నాది అనుకుంది హన్నమ్మ. బరువు చూసే ముందు వారమంతా ఆయనకు ఉప్పు లేని సంగటి, ఉప్పు లేని మజ్జిగ పెట్టడం ఇన్నేళ్లుగా ఆమె పనే. ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది, బరువు దిగదు. ఈసారి ఉప్పు వేసింది. పాత పోటీలో ముక్కు విరిగినప్పటి నుంచి ఆయనకు రుచి తెలియదని ఆమె నమ్మకం. అరవై దాటితే మనోజ్‌తో ఆట లేదు, ఆట లేకపోతే ఇంటికి పొమ్మంటారు, అంతే కదా! మూడు గ్లాసుల్లో ఒకటి తీసేస్తే ఇంకా రెండు మిగులుతాయని ఆ పిచ్చితల్లికి తోచలేదు. నతానియేలు మాత్రం పెట్టినదంతా గిన్నె ఊడ్చి తిన్నాడు, ఒక్క మాటా అనలేదు.

పోటీల రోజు పొద్దున నంద్యాల ఫంక్షన్ హాల్లో కాటా ఎక్కాడు. అరవై ఒకటిన్నర చూపించింది. హాలంతా గుసగుసలు. హన్నమ్మకైతే ప్రాణం లేచొచ్చింది. స్తోత్రం తండ్రీ అని లోలోపలే అనుకుని, మధ్యాహ్నం బస్సు అందుకోవచ్చని ఆయన చొక్కా చేతిలోకి తీసుకుంది.

ఓబులేసు తల గోక్కున్నాడు. అవతల ప్రేమ్ సాగర్‌తో ఆడాల్సినవాడు జ్వరమొచ్చి రాలేదు.

"అన్నా, అరవై దాటినావంటే అరవై ఐదులోకి వచ్చినట్టే. ప్రేమ్ సాగర్ ఖాళీగా ఉండాడు. జనం నీకోసమే వచ్చినారు. ఏమంటావ్?"

హాలు చప్పట్లు కొట్టింది. కొట్టేవాళ్లదేం పోయింది! నతానియేలు కాటా దిగకుండా హన్నమ్మ దిక్కు చూశాడు. చాలాసేపే చూశాడు. ఉప్పు వేసింది నేనే అని చెప్పడానికీ, వద్దయ్యా పోదాం పా అనడానికీ ఆమెకు నోరు పెగల్లేదు. అంతమందిలో మొగుడి పరువు తీసినట్టవుతుందని ఒక భయం, తను చేసిన పని బయటపడుతుందని ఇంకో భయం. ఆయన చివరికి ఓబులేసు వైపు తిరిగి తల ఊపాడు.

ఆ సాయంత్రం రెండో రౌండులో ప్రేమ్ సాగర్ కుడిచేతి దెబ్బ చెవి పక్కన పడింది. పాపం, ఆ పిల్లవాడు తప్పుగా ఏమీ ఆడలేదు. నతానియేలు పడిపోయాడు, మళ్లీ తనంతట తాను లేవలేదు. వాళ్లు ఆసుపత్రి నుంచి ఆళ్లగడ్డకు తిరిగొచ్చేసరికి ఎండాకాలం వెళ్లిపోయింది.

ఇప్పుడు ఇంట్లో మంచం మీదే కూర్చుంటాడు. కుడిచెయ్యి ముద్ద పట్టదు, హన్నమ్మే తినిపిస్తుంది. మాట ఒకరోజు తిన్నగా వస్తుంది, ఒకరోజు రాదు. ఆమె వంటలో ఉప్పు వేయడం పూర్తిగా మానేసింది. ఆ శిక్ష ఎవరూ వేయలేదు, తనకు తనే వేసుకుంది.

ఒక మధ్యాహ్నం ముద్ద నోట్లో పెట్టగానే ఆయన నమలడం ఆపాడు.

"ఉప్పు లేదు."

హన్నమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. "నీకు తెలుస్తాదా?"

"వాసన తెలీదు. నాలికకు ఉప్పు తెలీదా హన్నా?" మెల్లగా మింగాడు. "అప్పుడూ తెలిసింది."

"తెలిసి ఎందుకు తిన్నావయ్యా?"

"భయమైతాండె. నా నోటితో వద్దనలేకపోతి. కాటానే ఇంటికి పొమ్మంటాది అనుకుంటి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆడ నీ దిక్కు చూసినా. పోదాం పా అంటావేమోనని."

హన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇద్దరి కోరికా ఒకటే, ఇద్దరి భయమూ ఒకటే, తిన్నదీ ఉన్నదీ ఒకే ఇంట్లో. ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే. ఆమె కళ్లు తుడుచుకుని చూసేసరికి ఆయన చూపు మళ్లీ ఎటో వెళ్లిపోయింది.

"ఈసారి ఎవురితో? బరువు ఎప్పుడు చూస్తారు?" అని అడిగాడు.

ఆమె గిన్నె కింద పెట్టింది.

"చూసినారయ్యా. బరువు ఎక్కువ ఉండావంట. ఇంటికి పొమ్మన్నారు. పోదాం పా."

ఆయన మొహం విప్పారింది. ఆ ఇంట్లో ఆయన అంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో!

"మంచిదాయె," అంటూ మంచం దిగబోయాడు. "బేగా పా, బస్సు పోతాది."

హన్నమ్మ దండెం మీది చొక్కా తెచ్చి, ఆ పడిపోయిన చేతికి మెల్లగా తొడిగింది.