మూడు వందలవ మాట

ప్రొఫెసర్ శ్యామ్‌సుందర్ గారికి నకిలీ అంటే గిట్టదు. మలయ్, ఇండోనేషియన్ భాషల్లో స్థిరపడిన మూడు వందల పారశీక మాటలు సేకరించడం నా రీసెర్చి. మాట మనం అందించకూడదట. అసలు వస్తువు ఎదుట పెడితే, ఇండోనేషియా ఓడల్లో వంట చేసి రిటైరైన హార్తోనో గారు తనంతట తాను చెప్పాలట. ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి చూపించానని ఓసారి ‘అంగూర్’ కార్డు చింపేశారు. నా ఒళ్లు మండిపోయింది.

అది 1982 మే నెల, అమెరికాలోని పిస్కాటవే. శుక్రవారం ఐదింటిలోగా నా వీసా కాగితం మీద ప్రొఫెసర్ గారి సంతకం పడాలి. మాటలన్నీ పూర్తయితేనే పెడతానని ఆయన భీష్మించుకు కూర్చున్నారు. కిస్‌మిస్ తెచ్చాను. కొరడా తెచ్చి సెక్యూరిటీ వాళ్లకు సంజాయిషీ చెప్పుకున్నాను. మిగిలింది ఒక్కటే: నిసాన్. అంటే సమాధి రాయి.

డిపార్ట్‌మెంట్ ఫారం నింపి రాయి ఆర్డర్ చేశాను. ఫారం నెత్తిన ప్రొఫెసర్ గారి పేరు అచ్చేసి ఉంటుంది. రాళ్లవాళ్లు దాన్నే పొందిగ్గా చెక్కి పంపారు.

శుక్రవారం నాలుగింటికి రాయి వచ్చింది. హార్తోనో గారు చూసి, టోపీ తీసి, “నిసాన్” అన్నారు. ఆనక ప్రొఫెసర్ గారి చెయ్యి పట్టుకుని సానుభూతి తెలిపారు.

టేపు ఆపి కాగితం ముందుకు తోశాను. “సైన్ చేయండి సార్.”

“ఎలా చేస్తాను రాధారాణీ? సైన్ చేస్తే నేను బతికున్నట్టు. బతికుంటే రాయి నకిలీ. అప్పుడు మాట కొట్టేయాలి.”

“పోనీ, మీరు పోయారనే అనుకుందాం.”

“అప్పుడు మాట ఉంటుంది. కానీ పోయినవాడి సైన్ ఆఫీస్‌లో యాక్సెప్ట్ చేయరమ్మా.”

నాకు ఏడుపొచ్చింది. మూడేళ్ల చాకిరీ! ఆ రాయికే తల బాదుకుందామని వంగాను. పేరు కింద తేదీ చోటు ఖాళీగా కనిపించింది.

“సార్, డేట్ వేయలేదు. ఇవాళ సైన్ చేయండి. సోమవారం పోదురుగాని.”

ఆయన డైరీ తిరగేశారు. “సోమవారం క్లాస్ ఉంది. మంగళవారం ఫ్రీ,” అంటూ సంతకం పెట్టారు.

మంగళవారం ఆయన గది ముందు పూలు పెట్టాం. బుధవారం మామూలుగానే వచ్చారు. కానీ ఆనాటి నుంచి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఎవరి పలకరింపుకూ బదులివ్వలేదు. నా కార్డు చెల్లకుండా పోతుందని.

డిగ్రీ అందుకున్న రోజు కారిడార్‌లో ఎదురైతే నమస్కారం పెట్టాను. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, మెల్లగా తలాడించారు. ఆ మొండిమనిషి మీద నాకు ప్రేమ పొంగుకొచ్చింది.