అక్క ఇచ్చిన కుర్చీ

అమ్మ పోయాక చెల్లెలిని పెంచింది అక్కే. జడలు వేసింది, తన పార్లర్‌లోనే కత్తెర పట్టడం నేర్పింది. రెండు వీధుల అవతల సొంతంగా పార్లర్ పెట్టుకుంటానంటే, బావతో పోట్లాడి మరీ సామాన్లు సర్ది పంపింది. అందుకే ఆ రోజు అక్క వచ్చి, "ఎత్తుగా లేపుకునే కుర్చీ ఉంది కదే నా దగ్గర, అది నువ్వు తీసుకో. నీ స్టీమర్ నాకిచ్చెయ్. ఇద్దరికీ కలిసొస్తుంది," అన్నప్పుడు చెల్లెలు మారుమాట్లాడలేదు. ముఖానికి ఆవిరి పట్టే ఆ స్టీమర్ ఆమె కొత్తగా కొనుక్కున్న మొట్టమొదటి వస్తువు. అయినా అడిగింది అక్క కదా.

కుర్చీ వచ్చింది. నల్ల రెగ్జిన్ సీటు, కాలితో తొక్కితే పైకి లేచే పెడల్. చెల్లెలు దాన్ని అద్దం ముందు పెట్టి, తానే ఎక్కి కూర్చుని గిర్రున తిరిగింది.

"దిగవే మహారాణీ, గిరాకీ వచ్చి నిలబడితే ఎవరు పార్లరమ్మో తెలీదు," అని అక్క నవ్వింది.

మూడో వారంలో దర్జీ ఆవిడ వచ్చింది. పార్లర్ తెరిచిన మొదటి రోజు నుంచీ వస్తున్న మనిషి. కబుర్లాడుకుంటూ చెవి కింద వెంట్రుకలు కత్తిరిస్తుండగా ఆవిడ తల ఉన్నట్టుండి కిందికి జారింది. కత్తెర చెవి తమ్మెను తెగ్గోసింది. మెడకు కట్టిన తెల్లగుడ్డంతా రక్తం. డాక్టరు మూడు కుట్లు వేశాడు.

ఆవిడ తల వంచిందో, కుర్చీ కదిలిందో, తన చెయ్యే జారిందో చెల్లెలికి అంతుపట్టలేదు. సాయంత్రం అక్క పరుగున వచ్చింది. పెడల్ తొక్కి, కుర్చీ లేపి, కూర్చుని చూసింది.

"రాయిలా ఉందే. కుర్చీదేం లేదు."

తర్వాత చెల్లెలి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని మెల్లగా అంది. "అమ్మకి కూడా నీ వయసులోనే చేతులు వణకడం మొదలైంది."

అమ్మ చివరి రోజుల్లో మంచినీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. ఆ మాట విన్నప్పటి నుంచి చెల్లెలు నిండు గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చూసుకునేది. నీళ్లు ఒలికేవి కావు. అయినా నమ్మకం చిక్కేది కాదు. కత్తెర పక్కన పెట్టేసింది. కనుబొమలు తీర్చడం కూడా భయమేసి మానేసింది. గోళ్లకి రంగులు వెయ్యడంతో చిన్నపిల్ల ఉన్న ఇల్లు ఎక్కడ గడుస్తుంది? వచ్చేవాళ్లంతా అక్క దగ్గరికే మళ్లారు. "మీ చెల్లికి చేతులు వణుకుతున్నాయటగా?" అని అడిగితే అక్క ఔననలేదు, కాదనలేదు. జుట్టు కత్తిరించి పంపింది.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం, ఎవరూ కూర్చోని కుర్చీ తనంతట తానే దిగిపోవడం చెల్లెలు చూసింది. కింద నూనె మరక. మెకానిక్‌ని పిలిచింది. అతను కుర్చీని చూస్తూనే గుర్తుపట్టాడు.

"ఇంకా వాడుతున్నారా దీన్ని? లోపల నూనె ఆపే సీలు పోయింది, మనిషి కూర్చోగా దిగిపోతుంది, పాత ఇనుముకి వేసెయ్యండని మీ అక్కగారికి ఎండాకాలంలోనే చెప్పానమ్మా."

చెల్లెలు చెప్పులైనా వేసుకోకుండా అక్క పార్లర్‌కి నడిచింది.

"కుర్చీ పాడైందని నీకు ముందే తెలుసా?"

అక్క చేతిలో దువ్వెన కింద పెట్టింది. "ఇచ్చిపుచ్చుకున్నాక ఇప్పుడు ఈ గొడవేంటే? చూసుకునేగా తీసుకున్నావు?"

చెల్లెలు కదల్లేదు. అక్క గొంతు తగ్గింది.

"బయటివాళ్లకి అంటగడితే మీదికొచ్చి కొట్లాడతారు. నువ్వైతే ఎలాగోలా సర్దుకుంటావనుకున్నా. ఇంత జరుగుతుందని నాకేం తెలుసు?"

"కుర్చీ సంగతి పోనీ అక్కా. మధ్యలో అమ్మనెందుకు లాక్కొచ్చావ్?"

అక్క మళ్లీ దువ్వెన అందుకోబోయింది.

"నాలుగు నెలలు. నా పిల్లకి నా చేత్తో ముద్ద పెట్టలేని రోజు వస్తుందని కుళ్లి కుళ్లి ఏడ్చా. నువ్వు చూస్తూ ఊరుకున్నావ్."

మర్నాడు బావ స్టీమర్ దింపి, కుర్చీ ఎక్కించుకుని, తలెత్తకుండా వెళ్లిపోయాడు. చెల్లెలు దర్జీ ఆవిడ ఇంటికి వెళ్లి కుర్చీ చెడిపోయిందని చెప్పింది. ఎవరిచ్చిన కుర్చీయో మాత్రం చెప్పలేదు. ఆవిడ వచ్చి పాత చెక్క కుర్చీలో కూర్చుని, "కానివ్వమ్మా, ఇంకో చెవి ఉందిలే," అంది. చెల్లెలి చెయ్యి వణకలేదు. ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు.

రెండు నెలలకి అక్క వచ్చింది. గుమ్మంలోనే ముడి విప్పుకుని, "కాస్త కత్తిరించవే," అంది.

చెల్లెలు చెక్క కుర్చీ చూపించి, మెడకు గుడ్డ కట్టింది. అక్క తల ఇంతగా నెరిసిందని ఆమెకు తెలియదు. కత్తెర చెవి దగ్గరికి వచ్చినప్పుడు అక్క కళ్లు మూసుకుంది కానీ తల కదపలేదు. చెల్లెలు కొలిచినట్టు కత్తిరించింది.

"ఎంత ఇమ్మంటావే?" అంటూ అక్క నవ్వబోయింది.

"బోర్డు మీద రాసుందండీ," అంది చెల్లెలు.

అక్క ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత బోర్డు వైపు చూసింది. పర్సు తెరిచి నోటు తీసి ఇచ్చింది. చెల్లెలు చిల్లర ఆమె చేతిలో పెట్టింది. అక్క ఆ చిల్లర గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

చెల్లెలు తలుపు దగ్గరగా వేసి, నెరిసిన వెంట్రుకలు ఊడుద్దామని చీపురు తీసింది. ఊడవలేక ఆ వెంట్రుకల పక్కనే నేలమీద కూలబడిపోయింది.