విజ్మా అడుగు పడిన చోట

రోజూ ఉదయం తొమ్మిదింటికి భర్త ఆండ్రిస్ కారు మలుపు తిరగ్గానే విజ్మా సంచీ భుజాన వేసుకుని బయల్దేరేది. ఆ ఒహాయో కాలనీలో రెండు వందల పన్నెండు ఇళ్ళున్నాయి. కార్లు నాలుగు వందల పైచిలుకు. నడిచే మనిషి మాత్రం ఒక్కతే. లాత్వియాలో సముద్రపొడ్డున లియెపాయా ఊళ్ళో పుట్టి, నడిచి బడికెళ్ళి, నడిచి పనికెళ్ళి, ఆఖరికి పెళ్ళికి కూడా నడిచే వెళ్ళిన విజ్మాకి పాలడబ్బా కోసం కారెక్కడం ఒంటికి పడలేదు.

ఆ కాలనీలో ఫుట్‌పాత్ లేదు. పచ్చిక తిన్నగా తారురోడ్డులోకి దిగిపోతుంది. విజ్మా మొదటిరోజు పచ్చికలో అడుగు వేయగానే, పాదం కింద బూడిదరంగు రాతిపలక ఒకటి నేలలోంచి లేచి కుదురుకుంది. లియెపాయా వీధుల్లో పరిచిన పలకే, మూల విరుపుతో సహా. రెండో అడుగుకి రెండోది. అంగడికి వెళ్ళి వచ్చేసరికి గుమ్మం నుంచి కాలనీ గేటు దాటి అంగడి దాకా ఒక దారి తయారైంది.

ఎవరూ ఏమీ అనుకోలేదు. కాలనీ సంఘం నుంచి మాత్రం ఉత్తరం వచ్చింది. 'అనుమతించిన రంగులు మూడు: ఇసుక, గోధుమ, లేత గోధుమ. బూడిదరంగు వాటిలో లేదు. అక్టోబరు పదిన తొలగిస్తాం.' నమూనాకని ఒక పలకని పెకలించి పట్టుకుపోయారు కూడా. ఆ గుంటలో విజ్మా పదిసార్లు అడుగేసి చూసింది. మట్టి అంటుకుందే తప్ప పలక రాలేదు. ఒక చోట ఒక్కసారే.

నడుస్తుంటే కార్లు పక్కన ఆగేవి. అద్దం దిగేది.

"కారు పాడైందా బంగారం? తీసుకెళ్ళడానికి ఎవరూ లేరా?"

"పాడవలేదండీ. నడుస్తున్నాను."

"అయ్యో!" అనేవాళ్ళు, ఎవరో పోయినట్టు. అద్దం పైకి లేచేది.

ఎదురింటి ట్రేసీ మరీ కలుపుగోలు మనిషి. "ఎప్పుడైనా సరే వచ్చెయ్! ఏం కావాలన్నా అడుగు!" అని రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. విజ్మా మర్నాడే ఆపిల్ కేకు చేసుకుని, మంచి గౌను వేసుకుని వెళ్ళి తలుపు కొట్టింది. ట్రేసీ తలుపు సగం తీసి, కేకునీ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"ఏమైంది? ఎవరికైనా బాగోలేదా?"

"లేదు. రమ్మన్నావుగా, వచ్చాను."

"ఓ! ఎంత మంచిదానివో!" అంది ట్రేసీ. కేకు లోపలికి వెళ్ళింది, విజ్మా వెళ్ళలేదు.

ఆ సాయంత్రం ఆండ్రిస్ నవ్వాడు. "ఆవిడ అబద్ధమాడలేదు. మనం తారీఖు అడగలేదంతే."

ఇదంతా చూసినవాడు పక్కింటి వెర్నన్. ఎనభై నాలుగేళ్ళ మనిషి. పొద్దస్తమానం గరాజు తలుపు పైకెత్తి, కారు ఉండాల్సిన చోట మడతకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. చూపు మందగించిందని లైసెన్సు తీసేసుకున్నారు, కారు కూతురు తీసుకుపోయింది.

"కేకు పట్టుకుని నేరుగా తలుపు కొట్టేశావా?" అన్నాడు వెర్నన్, నవ్వాపుకోలేక. "పిచ్చిపిల్లా! నలభై ఏళ్ళు నేనూ అందరికీ అదే మాట చెప్పాను, ఏం కావాలన్నా అడగమని. ఒక్కడు అడిగి ఉంటే హడలిపోయేవాణ్ణి."

"మరి మీకేమైనా కావాలంటే?"

"పదకొండు ఇళ్ళవాళ్ళు నాకు చెప్పారు, అడగమని. అందుకే అడగను."

అతనికి కావలసింది ఏమిటో విజ్మాకి తెలియడానికి ఇంకో నెల పట్టింది. అతని భార్య ఓపల్ హైవే అవతలి వృద్ధాశ్రమంలో ఉంది. కారులో నాలుగు నిమిషాలు. చర్చి వ్యాన్ వారం వారం తీసుకెళ్ళేది. ఈస్టర్ తర్వాత డ్రైవరు మానేశాడు, వ్యాన్ ఆగిపోయింది. ఫోనులో కారు పిలిచే విద్య అతనికి పట్టుబడలేదు. కూతురు అరిజోనా నుంచి నవంబరులో వస్తుంది. ఓపల్‌కి మతిమరుపు ముదిరి, రోజుకో ముఖం చొప్పున చెరిగిపోతోందని నర్సు ఫోనులో చెప్పింది.

"నవంబరుకి నా ముఖం ఉంటుందో లేదో," అన్నాడు.

"నడిచి వెళ్ళొచ్చుగా?"

"గేటు దాటితే ఒక పక్క కందకం, ఒక పక్క లారీలు. పచ్చిక ఎక్కడాగి రోడ్డు ఎక్కడ మొదలవుతుందో నాకు కనబడదు." కాసేపు చేతికర్ర కొసతో నేల గీకాడు. "ముప్ఫై ఒక్కేళ్ళు రోడ్ల ఆఫీసులో పనిచేశాను. ఈ కాలనీ ప్లాను నా బల్ల మీదికే వచ్చింది, డెబ్బై నాలుగులో. అందులో ఫుట్‌పాత్ ఉంది, ఆశ్రమం దాకా. ఎర్ర పెన్సిలుతో కొట్టేశాను. ఎవరు నడుస్తారని."

సెప్టెంబరు చివర్లో ఆండ్రిస్ పనిచేసే ఫ్యాక్టరీ అతని కాంట్రాక్టు ఆపేసింది. వీసా దానితోనే ముడిపడి ఉంది. అక్టోబరు పదిన తిరుగు విమానం. విజ్మాకి ఏడుపు రాలేదు. పెట్టెలు సర్దుతూ సర్దుతూ, పలకలు తీసేస్తామన్న తేదీ కూడా అదేనని గుర్తొచ్చి, సర్దడం ఆపేసి పక్కింటి గరాజుకి వెళ్ళింది.

"లేవండి వెర్నన్ గారూ. బూట్లు వేసుకోండి."

"ఎక్కడికి?"

"ఓపల్ గారి దగ్గరికి. నేను ముందు, మీరు వెనక."

గేటు దాకా పాత పలకలే. గేటు దాటి కందకం పక్కకి విజ్మా మొదటి అడుగు వేసింది. పలక లేచింది. వెర్నన్ కర్రతో తట్టి, టక్కుమన్న చప్పుడు విని, కాలు మోపాడు. అలాగే మైలున్నర దాటి నడిచారు. పాత అలవాటుకొద్దీ అతను పైకే లెక్క పెడుతున్నాడు. హైవే దగ్గర సిగ్నల్ ఎర్రబడగానే విజ్మా తారు మీదికే దిగింది, పలకలు అక్కడా లేచాయి. ఆరు వరసల్లోనూ కార్లు ఆగాయి. ఒక లారీవాడు తల బయటపెట్టి, "ఏమైనా కావాలా?" అని కేకేశాడు. జవాబిచ్చేలోపు దీపం పచ్చబడింది, వెళ్ళిపోయాడు.

"మూడు వేల మూడు వందల డెబ్బై తొమ్మిది," అన్నాడు వెర్నన్ ఆశ్రమం గుమ్మంలో. "రెండున్నర అడుగుల పలక. నేను కొట్టేసిన గీత పొడవు సరిగ్గా ఇంతే."

ఓపల్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. అతని ముఖం వంక చూడలేదు. దుమ్ము కొట్టుకున్న బూట్ల వంక చూసింది.

"నడిచొచ్చారా?" అంది జాలిగా. "పాపం, మీకెవరూ లేరా?"

వెర్నన్ కర్ర గోడకి ఆనించాడు. విజ్మా కిటికీవైపు తిరిగింది.

"ఉన్నారు," అన్నాడు వెర్నన్. "కొంచెం దూరం."

"కూర్చోండి మరి. కాళ్ళు నొప్పెట్టి ఉంటాయి."

తిరిగొచ్చేటప్పుడు నర్సు చెప్పింది, ఓపల్ ఎదురుగది ఖాళీగానే ఉందని, కావాలంటే అతనూ వచ్చి ఉండొచ్చని. "నాకు ఇల్లుందమ్మా," అని నవ్వేశాడు వెర్నన్.

తర్వాత తొమ్మిది రోజులూ ఒక్కడే వెళ్ళాడు. ఉదయం ఏడింటికి టక్ టక్‌మంటూ కర్ర చప్పుడు, సాయంత్రం మళ్ళీ. ఓపల్ గుర్తుపట్టిందా అని విజ్మా అడిగేది. "లేదు. కానీ రోజూ కూర్చోమంటోంది," అనేవాడు. నాలుగో రోజు తర్వాత విజ్మా అడగడం మానేసింది. తన ముఖం అప్పటికే పోయిందని అతనికి తెలుసు. అది తిరిగొస్తుందని అతనూ అనలేదు, ఆమే అనలేదు.

పదో తారీఖున అతను వెళ్ళిన గంటకి సంఘం తాలూకు యంత్రం వచ్చింది. విజ్మా గుమ్మంలో నిలబడి, చేతులు అడ్డం పెట్టి చెప్పింది, ఆ పెద్దాయన దీనిమీదే తిరిగి రావాలని. యంత్రం మనిషి మర్యాదస్తుడు, ఇంజను ఆపి మరీ విన్నాడు.

"మా పని గేటు లోపలిదాకేనమ్మా. బయటవాటి జోలికి పోం, భయపడకండి. ఇంకేమైనా సాయం కావాలంటే చెప్పండి."

ఎదురింటి కిటికీలోంచి ట్రేసీ చెయ్యి ఊపింది.

మధ్యాహ్నానికి గేటు లోపలి ఎనిమిది వందల నలభై పలకలూ లారీలోకి ఎక్కాయి. విజ్మా తాజా మట్టిలో బూటు మునిగేలా అడుగేసింది. ఇంకోటి వేసింది. గేటు దాకా వేసుకుంటూ వెళ్ళింది. మట్టి మట్టిలాగే ఉంది.

నాలుగింటికి టాక్సీ వచ్చింది. కారు గేటు దాటుతుండగా వెర్నన్ కనబడ్డాడు. ఆఖరి పలక మీద నిలబడి, కర్రతో ముందు తడుముతున్నాడు. కర్ర మెత్తగా దిగిపోతోంది. ఎడమకి తడిమాడు, కుడికి తడిమాడు.

"ఒక్క నిమిషం ఆపండి," అంది విజ్మా.

"ఇక్కడ ఆపడానికి చోటు లేదు మేడమ్, వెనక కార్లున్నాయి."

కేకేస్తే ఎవరో ఒకరు వచ్చి అతన్ని ఇంటికి దింపేవాళ్ళే. పదకొండు ఇళ్ళు ఆ మాట ఇచ్చి ఉన్నాయి. వెర్నన్ కేకెయ్యలేదు. కర్రకి అంటిన మట్టిని పలక అంచుకి రుద్ది తుడిచాడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, ఆశ్రమం వైపు నడిచాడు. కారు అద్దం మూసి ఉంది కాబట్టి ఆ టక్ టక్ విజ్మాకి వినబడలేదు.

"ఏం చూస్తున్నావ్?" అన్నాడు ఆండ్రిస్.

"ఏం లేదు. వెర్నన్ గారు ఇంటికెళ్తున్నారు."