మూడో విడత సీసాలు

మా ల్యాబులో మొక్కల ముక్కలకు తిండి వండేది నేనే. లవణాలు, గడ్డకట్టించే అగర్ పొడి, లీటరుకు ముప్పై గ్రాముల పంచదార. ఇరవై ఏళ్లుగా అదే వంట. గాజు సీసాలో గోరంత కొమ్మ ఆ పంచదార తినే బతుకుతుంది, వేళ్లు వేస్తుంది. అందుకే అక్కడే పనిలో చేరిన మా చెల్లి పంచదార మానేద్దామన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

"ఆకులున్నాయి కదక్కా. వెలుతురు, గాలి సరిగ్గా ఇస్తే వాటి తిండి అవే వండుకుంటాయి," అంది.

నాకే వంట నేర్పుతావా అని కసిరాను. అది పట్టు వదల్లేదు. చిన్నప్పుడూ అంతే. అమ్మ పోయాక నేను కలిపి పెట్టే ముద్దలు వద్దని పళ్లెం లాక్కునేది. యజమానిని ఒప్పించి ఒక చిన్న గది తీసుకుంది. దీపాలు పెంచింది, సిలిండరు నుంచి కార్బన్ డయాక్సైడ్ వదిలింది, మూతలకు చిల్లులు పెట్టి గాలి ఆడే కాగితం అంటించింది. మూడు విడతలు నిలబడితే ఆ గది దానిదేనన్నాడు యజమాని. రెండు నిలబడ్డాయి. నిజం చెప్పొద్దూ, నా సీసాల్లోవాటికంటే వేళ్లు బలంగా ఉన్నాయి.

మూడో విడతకూ తిండి నేనే కలిపాను. అంతకుముందు రెండుసార్లూ కొమ్మలు మొదటి వారం పాలిపోయి, తర్వాత తేరుకోవడం కళ్లారా చూశాను. అయినా నా బుద్ధి మారలేదు. ఈసారి తేరుకోకపోతే? అందరి ముందు పిల్ల ముఖం చిన్నబోతే? చెల్లి అటు తిరగగానే గిన్నెలో నాలుగు చెంచాల పంచదార వేశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

పంచదార లేని సీసాలోకి గాలితోపాటు కాస్త బూజు దూరినా దానికి తినడానికేమీ దొరకదు. అందుకే ఆ కాగితం మూతలు సరిపోయాయి. ఈ సంగతి చెల్లి పదిసార్లు చెప్పింది, నేనే చెవిన పెట్టలేదు. తొమ్మిదో రోజుకు సీసాలన్నిటా తెల్లటి బూజు.

యజమాని గదికి తాళం వేశాడు. కాగితం తనే సరిగ్గా అంటించలేదేమోనని చెల్లి తల వంచుకుంది. నోరు తెరవాల్సింది అప్పుడే. నోరు పారేసుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరని పేరు, ఆ రోజు మాత్రం మూగనోము పట్టాను.

చెల్లి మళ్లీ నా పక్క బల్ల దగ్గర కొమ్మలు కోస్తూ కూర్చుంది. ఒక్కసారి చేతులు కడుక్కునే మనిషి మూడుసార్లు కడగడం మొదలుపెట్టింది. చేతివేళ్లు పగిలాయి. కొత్త పనేదైనా అప్పగిస్తే, నా చేయి మంచిది కాదండీ అనేది. రెండేళ్లు అలా చూస్తూ ఊరుకున్నాను.

నిన్న మధ్యాహ్నం సింకు దగ్గర అది మూడోసారి సబ్బు తీసుకుంటుంటే చెప్పేశాను. నీళ్లు అలా పోతూనే ఉన్నాయి. తిట్టినా బాగుండేది.

"గది పోతే పోయిందక్కా," అంది. "రెండేళ్లు నా చేతుల్ని నేనే నమ్మలేదు."

కుళాయి కట్టేసి నేరుగా యజమాని దగ్గరికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు వినపడింది. ఆ చిన్న గది తాళం మళ్లీ అడిగింది. ఈసారి తిండి మాత్రం తనే కలుపుకుంటానంది.