వరసకు మొదటి ఇల్లు

మార్చి నెల ఆఖరి శుక్రవారం చేపలు ఎండబెట్టే షెడ్డు గోడకు ఎవరో ఒక కాగితం అంటించి పోయారు. మా కాలనీలో కాగితం చదవగలిగిన ఆడవాళ్లం నలుగురమే. మా ఆయన పోయాక, యాభై రెండో ఏట, అంగన్‌వాడీ భవాని దగ్గర కూర్చుని నేను అక్షరాలు దిద్దాను. అప్పటినుంచి ఏ కాగితం వచ్చినా అందరూ నా చుట్టూ చేరతారు.

"రత్నమ్మక్కా, ఏంటంట?" అంది పేరంటాలు, చేతులకున్న ఉప్పు దులుపుకుంటూ.

నెమ్మదిగా కూడబలుక్కుని చదివాను. ఏప్రిల్ పదిహేను నుంచి మంచినీళ్ల ట్యాంకరు రాదు. సర్వే చేయించగా కాలనీలో కుళాయి నీళ్లు అందరికీ అందుతున్నాయని తేలింది. కింద బాపట్లలో ఉండే సంస్థ పేరు, ముద్ర ఉన్నాయి. రెండేళ్లుగా ఎండాకాలంలో రోజు విడిచి రోజు మాకు ట్యాంకరు పంపిస్తున్నది ఆ సంస్థే.

"అందుతున్నాయా? ఎవరికంట? ఆ కాగితం రాసినోళ్లకా?" అంది పేరంటాలు.

మాది అడవులదీవి దాటాక సముద్రం వైపు కట్టిన కాలనీ. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. ట్యాంకరు లేని రోజుల్లో తెల్లారకముందే లేచి, చంకనొక బిందె నెత్తినొక బిందె పెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచేవాళ్లం. నా మోకాళ్లు అప్పుడే ఒప్పుకునేవి కావు, ఇప్పుడు అసలే ఒప్పుకోవు. నీళ్లకు పోతే ఏడు గంటల ఆటో పోతుంది. ఆటో పోతే రేపల్లె బజారులో నా ఎండుచేపల గోతాం ఎవరు విప్పుతారు?

కాగితం అడుగున సర్వే చేసిన ఇళ్ల నంబర్లున్నాయి. మా ఇల్లు 48. ఉందేమోనని వెతికాను, లేదు. 1, 11, 21, 31 అని మొదలై 111 దగ్గర ఆగింది. మొత్తం పన్నెండు ఇళ్లు. నాకు అంకెలు నేర్పేటప్పుడు భవాని పలక మీద పదుల గడి, ఒకట్ల గడి అని గీతలు గీసేది. ఆ గీతలు కళ్లముందుకొచ్చాయి. పదుల గడిలో అంకెలు మారుతున్నాయి. ఒకట్ల గడిలో మాత్రం పై నుంచి కింది దాకా ఒకటే.

మా కాలనీలో పన్నెండు వరసలు, వరసకు పది ఇళ్లు. నంబర్లు రోడ్డు పక్కనుంచి మొదలవుతాయి. పెద్ద పైపు రోడ్డు వెంట పోతుంది. అందులోంచి వరసకొక సన్న పైపు లోపలికొస్తుంది. పొద్దున గంటసేపు నీళ్లు వదిలితే మొదటి ఇల్లు పట్టుకుంటుంది, రెండోది పట్టుకుంటుంది, ఏడో ఇంటికొచ్చేసరికి కుళాయి ఈల వేస్తుంది. వాళ్లు అడిగినవన్నీ వరసకు మొదటి ఇళ్లు.

సోమవారం గోతాలు నాకు మరిది వరసయ్యే అంకయ్యకు అప్పగించి, రేపల్లెలో బాపట్ల బస్సెక్కాను. అంకయ్యది 41వ నంబరు, మా వరసలో మొదటి ఇల్లు.

"వదినా, బాపట్ల పోయి నా కుళాయి కట్టించేసి రాకు" అన్నాడు గోతాలు అందుకుంటూ, నవ్వుతూ.

"నీది కట్టేస్తే నాకేం వస్తుంది? నాది కారితే చాలు" అన్నాను.

ఆఫీసులో నాగమల్లేశ్వరరావు గారని పెద్దాయన ఉన్నారు. కుర్చీ చూపించి, ఫైలు తీశారు.

"పన్నెండు ఇళ్లలో పదకొండు ఇళ్లవాళ్లు నీళ్లు వస్తున్నాయన్నారమ్మా. మేం సొంతంగా ఏం రాయలేదు. ట్యాంకరు ఒకటే ఉంది, అడిగే ఊళ్లు ఆరున్నాయి. అవసరం ఎక్కువున్న చోటికి పంపాలి గదా."

"అవునండి. కానీ మీరడిగింది మా ఊరిని కాదండి, మా రోడ్డుని." కాగితం ఆయన ముందు పరిచి, ఒకట్ల గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాను. వరసలు, పైపు, అన్నీ చెప్పాను.

ఆయన మాట్లాడకముందే పక్క బల్ల దగ్గర ఉన్న పిల్ల లేచి నిలబడింది. పేరు సాయి సుధ. తెనాలిలో డిగ్రీ చదువుతోందట, స్టాటిస్టిక్స్. ఆ సర్వే చేసింది తనే.

"సార్, పది ఇళ్లకొకటి చొప్పున తీశానండి. అలా తీయొచ్చు. కానీ లిస్టులో పదికొకసారి తిరిగొచ్చే పద్ధతేదైనా ఉంటే మోసపోతామని పుస్తకంలోనే ఉంది. వరసకు పది ఇళ్లని నేను చూసుకోలేదు." దాని మొహం పాలిపోయింది.

నాకు జాలేసింది. "అమ్మాయ్, రేపల్లెలో మేం ఎండుచేపల గోతాం కొనేటప్పుడు పైన చేప చూసి కొనం. మోచేతి దాకా చెయ్యి పెట్టి, పక్కనుంచొకటి, నడిమిలోంచొకటి, అడుగునుంచొకటి లాగుతాం. ఎక్కడ లాగుతామో అమ్మేవాడికి తెలియకూడదు."

"మా సార్ రెండు క్లాసులు చెప్పింది ఇదే పెద్దమ్మా" అంది. దాని మొహంలోకి కొంచెం రక్తం వచ్చింది.

"మళ్లీ చేస్తాను సార్. ఆదివారం నా సొంతంగా వెళ్తాను" అంది ఆయన వైపు తిరిగి.

పెద్దాయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు. "చెయ్యి. ఏం తేలితే అదే రాయి. ఈవిడ అడిగింది కదా అని రాయకు" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది కానీ, తప్పు మాటేం కాదు.

ఆదివారం తెనాలి నుంచి రైల్లో రేపల్లె వచ్చి, అక్కణ్నుంచి ఆటోలో దిగింది సాయి సుధ. నూటఇరవై చీటీలు ముందే కోసి, నంబర్లు రాసి తెచ్చింది. మా ఇంట్లో స్టీలు బిందె ఎటూ ఖాళీయే, అందులో పోశాం. అరుగు చుట్టూ కాలనీ అంతా చేరింది. సాయి సుధ కళ్లు మూసుకుని ఇరవై నాలుగు చీటీలు తీసింది.

నలభై ఎనిమిది వస్తుందని ప్రతి చీటీకీ ఊపిరి బిగపట్టాను. రాలేదు. పదిహేడో చీటీ విప్పి "నలభై ఒకటి" అంది.

అంకయ్య చప్పట్లు కొట్టాడు. "చూశావా వదినా, బిందెకు కూడా నేనంటేనే ఇష్టం!"

నాకు ఒళ్లు మండింది. "అది తీసెయ్ అమ్మాయ్. వాడిని పోయినసారి అడిగావుగా. దాని బదులు నా ఇల్లు పెట్టుకో."

"వద్దు పెద్దమ్మా. వచ్చినదాన్ని తీసేసి మనకు కావలసింది పెట్టుకుంటే, పోయినసారి నేను చేసిన తప్పే ఇటు తిప్పి చేసినట్టు. ఇళ్లలో కూడా మీరేం అందించకూడదు. దారి చూపించండి చాలు."

సరేనన్నాను. అనడం తేలికే.

మొదటి చీటీ 50, పేరంటాలు ఇల్లు. మా వరసలో ఆఖరిది. పేరంటాలు చాప వేసి, గ్లాసు తోమి, కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చింది. సాయి సుధ తాగి, పెదాలు తుడుచుకుని అడిగింది.

"మీకు కుళాయి నీళ్లు వస్తున్నాయా అక్కా?"

"వస్తున్నాయమ్మా" అంది పేరంటాలు.

నాలిక కొరుక్కున్నాను. మొన్న షెడ్డులో గొంతు చించుకున్న మనిషి! గ్లాసులో పోసినవి ట్యాంకరు నీళ్లు, రెండు రోజులుగా దాచుకున్నవి. సాయి సుధ రాసుకుంది. రెండో ఇంట్లోనూ అదే గ్లాసు, అదే ప్రశ్న, అదే జవాబు. అదీ దాని వరసలో తొమ్మిదో ఇల్లు. మూడో ఇంటికి పోకముందే వీధి మధ్యలో ఆగిపోయాను. నేను బాపట్ల పోయి అడిగి తెచ్చిన సర్వేనే ట్యాంకరును పోగొట్టేటట్టుంది.

"అమ్మాయ్, వాళ్లకు అందించొద్దన్నావు, అందించలేదు. నీకు ఒక మాట చెప్పొచ్చా?"

"చెప్పండి."

"ఇంటికొచ్చిన మనిషి చేతికి నీళ్లిచ్చి, ఆ నోటితోనే మా ఇంట్లో నీళ్లు లేవని మా వాళ్లు అనరు. అంటే తాగిన నీళ్లు నీకు గొంతులో అడ్డం పడవూ? మా అత్తగారు పస్తు పడుకునైనా వచ్చిన వాళ్లకు గ్లాసు నింపేది. నువ్వు అడిగిన వేళ అలాంటిది."

సాయి సుధ చేతిలో కాగితాలు చూసుకుంది. "అంటే పోయినసారి వచ్చిన పదకొండు జవాబులు కూడా..."

"ఆ ఇళ్లకు వస్తాయిలే. రాకపోయినా నీకు చెప్పరు."

పక్కింటి అరుగు మీద కూర్చుని పెన్ను కొరికింది. చివరికి అంది: "అడగొద్దు. కొలుద్దాం. నీళ్లు ఎన్నింటికి వదులుతారు?"

"పొద్దున ఆరింటి నుంచి ఏడింటి దాకా."

"ఇరవై నాలుగు ఇళ్లలోనూ కుళాయి కింద ఒక్కో ఖాళీ బిందె పెట్టించి వదిలేద్దాం. ఏడింటికి వెళ్లి ఎంత నిండిందో చూద్దాం. అందరికీ ఒకటే పద్ధతి. ఇప్పటిదాకా రాసిన రెండూ కొట్టేస్తున్నా."

ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. పొద్దున ఆరుకు ముందే అది ఒక వైపు, భవాని ఒక వైపు తిరిగి, చీటీ వచ్చిన ఇళ్లలో బిందెలు పెట్టించారు. ఏడయ్యాక మేం ముగ్గురం కలిసి బయల్దేరాం. అంకయ్య ఇంటి ముందు బిందె పొర్లి, నీళ్లు గుమ్మం దాకా పారాయి. వాడు చీపురుతో అవతలకు తోస్తూ, మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఇట్టా పొర్లుతున్నాయని నాకే తెలీదు వదినా" అన్నాడు.

వరసలో అయిదో ఇంట్లో సగం. ఏడో ఇంట్లో జానెడు. పేరంటాలు బిందె దగ్గరకొచ్చేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అడుగున ఒక గండుచీమ బయటికి రాలేక గుండ్రంగా తిరుగుతోంది. పేరంటాలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

"రాసుకోమ్మా, చీమ ఒకటి. నిన్న నేను చెప్పింది మర్చిపో."

"నిన్న మీరిచ్చిన నీళ్లు మర్చిపోనక్కా" అంది సాయి సుధ.

ఇరవై నాలుగు ఇళ్లలో పదిహేను ఇళ్ల బిందెలు సగం కూడా నిండలేదు. సాయి సుధ నా అరుగు మీదే కూర్చుని లెక్క వేసింది. "ఈ లెక్కన నూటఇరవైలో సుమారు డెబ్భై అయిదు ఇళ్లకు నీళ్లు అందడం లేదు. ఖచ్చితంగా చెప్పలేను పెద్దమ్మా. యాభై అయిదు కావచ్చు, తొంభై అయిదు కావచ్చు."

"ఆ తేడాతో పెద్దాయన ఒప్పుకుంటాడా?"

"అందరికీ అందుతున్నాయని మాత్రం ఇక అనలేరు."

గురువారం రేపల్లె బజారులో ఉండగా ఫోను మోగింది. నాగమల్లేశ్వరరావు గారు. ట్యాంకరు వానలు పడేదాకా వస్తుందని, ఈసారి రోడ్డు మీద ఆగకుండా వరసల చివర ఆగుతుందని చెప్పారు. "మీ చీమ సంగతి కూడా రిపోర్టులో రాసిందమ్మా ఆ పిల్ల" అని నవ్వారు. ఫోను పెట్టేశాక గోతాం మీద కూర్చుండిపోయాను. ఎవరో ఎండు కవళ్ల చేపలు కిలో ఎంతని అడిగారు. రెండోసారి అడిగాక లేచి త్రాసు అందుకున్నాను.

శనివారం పొద్దున ట్యాంకరు హారను మా ఇంటి వెనకే వినిపించింది. ఆదివారం అటక మీద పెట్టేసిన స్టీలు బిందె దించి చూస్తే అందులో మిగిలిన చీటీలు అలాగే ఉన్నాయి. దోసిట్లోకి తీసుకుని పొయ్యి పక్కన పోశాను. అడుగున ఒకటి తడికి అంటుకుని ఉంది. గోరుతో గీకి తీశాను. నలభై ఎనిమిది.

"రత్నమ్మక్కా, రా, నీకోసం లైను ఆపాను" అని కేకేసింది పేరంటాలు.

చీటీ గోడకంటించి, బిందె ఎత్తుకుని బయటికి నడిచాను.